నర్సుచేతి మందుచీటి

తెలుగున ‘మాత్ర’ అను మాటకు రెండర్థములు కలవు. ఒకటి గుళిక, రెండవది కొలత. ఛందస్సు చదివినవానికి మాత్ర కాలపు కొలత. మంచము పట్టినవానికి మాత్ర మ్రింగవలసిన మందు. కొలత తప్పిన మందు మందు కాదని భాష ముందుగనే హెచ్చరించినట్లున్నది. ‘మందు’ అను మాటయు అట్టిదే. ప్రాణము నిలుపునదియు మందే, చేలలో పురుగును చంపునదియు మందే. ఈ రెంటి నడుమ గీత గీయు అధికారము చిరకాలము వైద్యునిదిగానే యుండెను. నేడు అనేక దేశములలో ఆ కలము నర్సుచేతికి కూడ వచ్చినది. అది మేలా, కీడా యను ప్రశ్న వైద్యులకు మాత్రమే సంబంధించినది కాదు, మందు మ్రింగువారందరిది.

ఈ మార్పు అమెరికాలో మొదలయినది. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డ్ అను నర్సును, హెన్రీ సిల్వర్ అను శిశువైద్యుడును కలిసి ‘నర్సు ప్రాక్టీషనర్’ అను క్రొత్త శిక్షణను నెలకొల్పిరి. మారుమూల ప్రాంతములలో బిడ్డలను చూచుటకు వైద్యులు చాలరు. నర్సులో, అక్కడనే యున్నారు. వారికి రోగపరీక్షయు సామాన్యచికిత్సయు నేర్పినచో బిడ్డలు దిక్కులేనివారు కారని వారి తలంపు. వైద్యులే గాక నర్సు విద్యాలయములలోని పెద్దలును మొదట దీనిని మెచ్చలేదు. అయినను 2025లో, 104 ఏండ్ల వయస్సున ఫోర్డ్ మరణించునాటికి, ఆ దేశమున ఇట్టి నర్సుల సంఖ్య మూడు లక్షలను మించినది. సగమునకు పైగా రాష్ట్రములలో వారు వైద్యుని పర్యవేక్షణము లేకయే మందుచీటి వ్రాయుచున్నారు. తక్కినచోట్ల వైద్యునితో ఒడంబడికయో, ఆయన పర్యవేక్షణమో కావలెను.

బ్రిటనులో త్రోవ వేరు. ఇంటింటికి పోయి పుండ్లు కడిగి కట్టు కట్టు నర్సులు అక్కడ కట్టుగుడ్డకును, పైపూతకును వైద్యుని సంతకముకొరకు కాచుకొనియుండుట ఆచారము. ఏ పుండునకు ఏ కట్టు తగునో తెలిసినది నర్సునకు. సంతకము చేయునది పుండును చూడని వైద్యుడు. తెలిసినవారొకరు, బాధ్యులు వేరొకరు. ఈ వింతను 1986లో జూలియా కంబర్లెజ్ నాయకత్వమున వెలువడిన నివేదిక ఎత్తి చూపెను. 1992లో చట్టము వచ్చినది. మొదట చిన్న పట్టికలోని మందులనే వ్రాయనిచ్చిరి. పట్టిక క్రమముగా పెరిగి, 2006 నాటికి ప్రత్యేకశిక్షణ పొందిన నర్సు తన నేర్పు పరిధిలోని దాదాపు అన్ని మందులను వ్రాయగలిగెను. నివేదికనుండి ఈ మెట్టునకు 20 ఏండ్లు పట్టినవి. ఆ ఆలస్యమును నిందింప నక్కరలేదు. నమ్మకము మెట్టు మెట్టుగా కట్టవలసినదే.

నర్సు వ్రాసిన మందు వైద్యుడు వ్రాసిన మందంత మేలు చేయునా? 2000లో వెలువడిన అమెరికా పరిశోధన యొకటి దీనికి బదులు చెప్పినది. 1316 మంది రోగులను చీట్లు తీసినట్లుగా విభజించి, కొందరిని వైద్యులకు, కొందరిని సమానాధికారము గల నర్సులకు అప్పగించిరి. ఆరు నెలల పిదప ఆరోగ్యమున చెప్పదగిన భేదము కానరాలేదు. అయితే ఇది ప్రాథమిక చికిత్సకు సంబంధించిన మాట. దీనిని బట్టి సర్వరోగములకు నర్సే చాలునని వాదించుట తొందరపాటగును. అసలు తప్పు చేయుటలో డిగ్రీల భేదము లేదు. నల్లమందు జాతి నొప్పిమందులు అమెరికాలో ఎందరినో వ్యసనమున ముంచినవి. వానిలో ఎన్నియో వైద్యుల చీటీలమీదనే ఇండ్లకు చేరినవి. 2023నుండి అట్టి మందులు వ్రాయు అధికారము కోరువారు, వైద్యులైనను నర్సులైనను, వ్యసనచికిత్సయందు 8 గంటల శిక్షణ పొందవలెనని నియమము వచ్చినది.

కనుక ఎవరి చేయి అనుటకన్న, ఆ చేయి వ్రాయుటకు ముందు ఏమి చేసినది అనుట ముఖ్యము. జ్వరపు బిడ్డకు వ్రాయు పారాసిటమాలునే చూడుడు. ఇంతకన్న సామాన్యమైన మందు లేదు. బిడ్డ బరువు కిలో ఒక్కింటికి 10 మొదలు 15 మిల్లీగ్రాములు ఒక మోతాదు. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాము లనుకొందము. అంగడిలో ఈ ద్రవము రెండు బలములలో దొరకును: 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్నది యొకటి, 250 ఉన్నది వేరొకటి. మొదటిదానిలో 6 మిల్లీలీటర్లు పోయవలెను, రెండవదానిలో 3 చాలును. చీటిలో ‘ఒక చెంచా’ అని వ్రాసి విడిచినచో, ఏ సీసాయో, ఏ చెంచాయో ఆ తల్లి ఎట్లెరుగును? బలమును అంకెలలో వ్రాసి, కొలతగిన్నెను చూపి, రోజున కెన్ని మారులో చెప్పి, తిరిగి తల్లిచేత చెప్పించుకొన్నప్పుడే ఆ చీటి పూర్తియైనట్లు.

పెద్దలయందు చిక్కు వేరు. రక్తపోటునకు రెండు మందులు మ్రింగుచున్న వృద్ధుడు మోకాలినొప్పి యని వచ్చును. అడుగకయే నొప్పిమాత్ర వ్రాసినచో, ఆ మూడును కలిసి మూత్రపిండములను దెబ్బతీయవచ్చును. జలుబు వైరసుచే కలిగినప్పుడు యాంటీబయాటిక్కు వలన లాభము లేదు; సూక్ష్మజీవులకు ఆ మందును జయించు విద్య నేర్పిన పాపము మాత్రము మిగులును. కావుననే బ్రిటనులో మందు వ్రాయు నర్సుకు కట్టుబాట్లు పెట్టిరి. తన నేర్పునకు మించినది వ్రాయరాదు. తనకును, తనవారికిని వ్రాయుట సాధ్యమైనంతవరకు మానవలెను. వ్రాసినవారే మందు ఇచ్చుటయు సాధ్యమైనంతవరకు కూడదు. రెండవ కన్ను తప్పు పట్టవలెను.

మన దేశమున ఈ విషయము ఇంకను ఆరంభదశలోనిదే. 2019 నాటి జాతీయ వైద్య కమిషను చట్టములోని 32వ విభాగము, అర్హులైన సామాజిక ఆరోగ్య సేవకులకు పరిమితమైన అనుమతి నీయవచ్చు ననుచున్నది. ప్రాథమిక, నివారణ చికిత్సలలో మాత్రమే, నిర్దేశించిన మందులను మాత్రమే స్వయముగ వ్రాయవచ్చును. తెలంగాణలో 2017లో కరీంనగరమున నర్సులకు ప్రత్యేకమైన మంత్రసాని శిక్షణ ప్రారంభమయినది. మరుసటి ఏడు కేంద్రప్రభుత్వము ఈ విద్యకు మార్గదర్శకములు ప్రకటించెను.

ఆ ప్రసవశాలలోనే ఈ బాధ్యత స్వరూపము స్పష్టముగ కనబడును. ఆక్సిటోసిను అను మందును మనవారు నొప్పుల సూది యందురు. బిడ్డ పుట్టిన నిమిషములోపల 10 యూనిట్లు కండకు ఇచ్చినచో తల్లి రక్తస్రావమునుండి రక్షింపబడును. అదే సూదిని బిడ్డ పుట్టకమునుపు, కాన్పు త్వరపడవలెనని, కొలతయు గమనింపును లేక పొడిచినచో గర్భాశయము చినుగవచ్చును, బిడ్డకు ఊపిరి అందకపోవచ్చును. మందు ఒక్కటే, పొడిచిన చేయియు ఒక్కటే కావచ్చును. తల్లిని బ్రతికించునది వేళ తెలిసిన వివేకము.

ఊరికి వైద్యుడు లేనిచోట నర్సుచేతికి కలము నీయకుండుట రోగిని రక్షించుట కాదు. అతనిని చదువురాని సూదిమందు వైద్యునికి అప్పగించుటయే. చదువును, కట్టుబాటును, పై వైద్యుని తోడును లేక ఊరక కలము నిచ్చుటయు రక్షణ కాదు. మందుచీటి వ్రాయ నేర్చినవారు మరియొకటి కూడ నేర్వవలెను: ‘ఇది నా చేతిలోని రోగము కాదు, పెద్దాసుపత్రికి పొండు’ అని సంకోచము లేక చెప్పుట. ఆ మాటను వేళకు అనగలిగిన నర్సుచేతి కలమునకు మన తల్లులును, బిడ్డలును భయపడ నవసరము లేదు.