పనిలోనే పరిమళించిన కళ

కళ అనగానే నేడు మనకు స్ఫురించేది గోడకు వేలాడే పటం, ప్రదర్శనశాలలో గాజు పెట్టెలో ఉంచిన శిల్పం, లేదా వేలంలో కోట్లు పలికిన చిత్రం. కళ కలవారి ముచ్చట అనీ, కడుపు నిండినవారి కాలక్షేపమనీ ఒక అభిప్రాయం మన ఇళ్లలో స్థిరపడిపోయింది. రంగుపెన్సిళ్లు పట్టుకు కూర్చున్న పిల్లవాణ్ణి చదువు మానేసి ఈ గీతలేమిటని మందలించని తల్లిదండ్రులు అరుదు. ధార్మిక స్పృహగల కుటుంబాల్లో దీనికి మరో సందేహం కూడా తోడవుతుంది: అసలు ఇస్లాం జీవన విధానంలో కళకు చోటుందా? మానవ చరిత్రను ఒకసారి పరికిస్తే ఈ రెండింటికీ సమాధానం దొరుకుతుంది.

గుహ గోడ మీది చేతిముద్ర

ఇండోనేషియాలోని సులవేసి ద్వీపంలో, ఒక గుహ గోడ మీద 45 వేల ఏళ్లకు పైబడిన అడవిపంది చిత్రం ఉంది. దాని చెంతనే మనిషి చేతిముద్రలున్నాయి. చేతిని రాతికి ఆనించి చుట్టూ రంగు ఊది, చేయి తీసేస్తే మిగిలే ముద్రలవి. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని భీంబెట్కా రాతి గుహల్లోనూ, కర్నూలు జిల్లా కేతవరం కొండరాళ్ల మీదా ఆదిమానవుని చిత్రాలు నేటికీ కనిపిస్తాయి.

ఆ మనిషికి ఇల్లు లేదు, పొలం లేదు, రేపటి తిండికి భరోసా లేదు. అయినా రంగుమట్టిని వెదికి తెచ్చి, నూరి, గంటల తరబడి రాతి ముందు నిలిచాడు. ఎందుకు గీశాడన్న విషయంలో పండితులది తలొక మాట. ఒక్కటి మాత్రం స్పష్టం. కడుపు నిండిన తరువాతే కళ పుట్టిందన్న మాట నిజం కాదు. ఆకలి, భయం వెన్నాడుతున్న కాలంలోనే అది మనిషి వెంట ఉంది.

కళకూ పనికీ మధ్య గోడ

ప్రాచీన సమాజాల్లో కళ వేరు, పని వేరు అన్న విభజన లేదు. గ్రీకుల 'టెక్నే' అన్న మాటలో శిల్పి నేర్పూ, వడ్రంగి నేర్పూ, వైద్యుని నేర్పూ ఇమిడి ఉండేవి. అరబ్బీలో 'సినాఅ' కూడా అటువంటిదే. మన దేశంలో చెప్పుకునే అరవైనాలుగు కళల్లో సంగీతం, చిత్రలేఖనంతోపాటు వంట, కుట్టుపని, వడ్రంగం కూడా ఉన్నాయి.

ఈ రెంటి మధ్య గోడ లేచింది పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపాలో. 1746లో ఫ్రెంచి రచయిత షార్ల్ బత్తో ఒక గ్రంథం రాసి, ఆనందం కోసమే ఉన్నవంటూ సంగీతం, కవిత్వం, చిత్రలేఖనం, శిల్పం, నృత్యాలను 'లలిత కళలు'గా వేరుచేశాడు. 1793లో పారిస్‌లోని లూవ్ర్ రాజప్రాసాదం ప్రజల మ్యూజియంగా మారింది. సామాన్యునికి గొప్ప చిత్రాలను చూసే భాగ్యం కలగడం మేలే. కానీ దానితోపాటు ఒక నష్టమూ వచ్చింది. మ్యూజియంలోకి వెళ్లినది కళ అయింది, వంటింట్లో మిగిలినది వట్టి సామాను అయింది. చిత్రకారుడు మేధావి అయ్యాడు, కంచరి కూలివాడయ్యాడు.

అక్షరమే అలంకారమైన వేళ

ఇస్లామీ నాగరికత ఈ గోడ ఎరుగదు. మంచి దుస్తులు, మంచి చెప్పులు ధరించాలని కోరుకోవడం గర్వమవుతుందా అని ఒకరు అడిగినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స), అల్లాహ్ సౌందర్యాన్ని ఇష్టపడతాడని తెలిపారు. సత్యాన్ని నిరాకరించడం, తోటివారిని చులకన చేయడమే గర్వమని వివరించారు. ప్రతి పనినీ ఉత్తమంగా నిర్వర్తించాలన్న 'ఇహ్‌సాన్' బోధన మనందరికీ తెలిసిందే. అరబ్బీలో అందాన్ని చెప్పే 'హుస్న్', శ్రేష్ఠతను చెప్పే 'ఇహ్‌సాన్' ఒకే ధాతువు నుంచి వచ్చిన పదాలు. అందం, నాణ్యత, నిజాయితీ విడదీయరానివన్న భావం ఆ భాషలోనే ఉంది.

విగ్రహారాధన ప్రబలిన సమాజంలో అవతరించిన ధర్మం కనుక ప్రాణుల రూపాల విషయంలో హదీసులలో హెచ్చరికలున్నాయి. వాటి పరిధిపై ధర్మవేత్తలు విస్తృతంగా చర్చించారు. ఈ నియమం ముస్లిం కళాకారుని చేతులు కట్టివేయలేదు. అతడు అక్షరం వైపు, రేఖాగణితం వైపు, లతల వైపు తిరిగాడు.

హిజ్రీ 72 (క్రీ.శ. 691-92)లో జెరూసలేంలో నిర్మితమైన కుబ్బతుస్సఖ్రా లోపల, బంగారు వన్నె మొజాయిక్‌లో దాదాపు 240 మీటర్ల పొడవున అక్షరాలు సాగుతాయి. అందులో ఖుర్‌ఆన్ వాక్యాలూ ఉన్నాయి. పదో శతాబ్దపు బాగ్దాద్‌లో ముగ్గురు అబ్బాసీ ఖలీఫాల వద్ద మంత్రిగా పనిచేసిన ఇబ్నె ముఖ్లా, కలం మొన ఒత్తితే పడే చుక్కనే కొలతగా తీసుకుని ప్రతి అక్షరానికీ పరిమాణం నిర్ణయించాడు. రాజకీయ కుట్రల్లో ఆయన కుడిచేతిని నరికివేశారు. మొండి చేతికి కలం కట్టుకుని రాసేవాడని అంటారు. ఆయన కొలతలు మాత్రం వెయ్యేళ్లుగా ఖుష్‌నవీసుల చేతుల్లో బతికి ఉన్నాయి.

ఈ అందమంతా వాడుకలోనే ఉంది. ఖుర్‌ఆన్ ప్రతిని పారాయణం చేసేందుకు రాశారు. నగిషీ చెక్కిన కూజా వుజూ నీటి కోసం, పూల అల్లికల జానమాజ్ సజ్దా కోసం తయారయ్యాయి.

మన నేల మీది చేతులు

ఈ సంప్రదాయం మన ప్రాంతంలోనూ వేళ్లూనింది. ఒకనాటి హైదరాబాద్ సంస్థానంలో భాగమైన బీదర్ పేరు మీదనే బిద్రీ పని వచ్చింది. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద నగిషీ చెక్కి, ఆ గాళ్లలో వెండి తీగ కొట్టి కూరుస్తారు. చివరకు బీదర్ పాత కోట మట్టిని నవాసాగరంతో కలిపి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. హుక్కా కుదుళ్లు, పాన్‌దాన్‌లు, చెంబులు ఇలాగే తయారయ్యేవి.

మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీకి పేరే ఫారసీ నుంచి వచ్చింది. గోల్కొండ పాలనలో ఆ రేవు నుంచి ఈ వస్త్రాలు ఇరాన్‌కు ఎగుమతయ్యేవి. అక్కడి కొనుగోలుదారుల అభిరుచికి తగినట్టు పూలు, తీగలు, చెట్ల అచ్చులు రూపుదిద్దుకున్నాయి. గుడ్డను కరక్కాయ, పాలలో తడపడం, బెల్లం, ఇనుముతో నలుపు తీయడం, పటిక అచ్చు వేసి ఎరుపు పట్టించడం, పారే నీటిలో జాడించడం, ఎండకు ఆరబెట్టడం — ఒక్క గుడ్డ వెనుక ఎన్నో రోజుల శ్రమ ఉంది.

ఉర్దూ పత్రికలను ఒకప్పుడు కాతిబ్‌లు చేత్తో రాసేవారు. చెన్నైలో 1927లో ప్రారంభమైన 'ది ముసల్మాన్' ఆ పద్ధతిని ఈ శతాబ్దంలోకీ కొనసాగించింది. 1990ల్లో కంప్యూటర్ నస్తాలీఖ్ వచ్చాక ఆ జీవనోపాధి కూలిపోయింది. హైదరాబాద్ ఛత్తాబజార్‌లో ఖుష్‌నవీసులు పెళ్లి పత్రికల రాతతో నెట్టుకొచ్చారు.

మన ఇల్లు, మన బాధ్యత

ఈ చేతులు ఖాళీ అవుతుంటే మనం ప్రేక్షకులుగా ఉండిపోవడం తగునా? యంత్రాన్ని నిందించి లాభం లేదు. అది పుస్తకాన్ని పేదవాని చేతికి చేర్చింది. కానీ పెళ్లికి లక్షలు వెచ్చించే మనం, నిఖా పత్రికలో నాలుగు పంక్తులు చేత్తో రాయించేందుకు వెనుకాడుతున్నాం. తెర ముద్రణ గుడ్డను కలంకారీ అని కొని, అసలైన దాని ధర వినగానే బేరానికి దిగుతున్నాం. అచ్చుకూ అచ్చుకూ మధ్య కనిపించే చిన్న తేడా లోపం కాదని, అది మనిషి చేయి తగిలిన గుర్తని మన పిల్లలకు చెబుతున్నామా? కార్మికునికి చెమట ఆరకముందే కూలి చెల్లించాలని బోధించిన ధర్మం మనది. అతడి నేర్పుకు విలువ కట్టడం కూడా ఆ న్యాయంలో భాగమే.

సెలవు రోజుల్లో పిల్లల చేతికి ఒక వెదురు కలం, సిరా ఇద్దాం. అలిఫ్ నిలువుగా నిలవాలంటే ఎంత ఓపిక కావాలో వారే తెలుసుకుంటారు. నానమ్మ కుట్టిన బొంతను చూపి, అందులోని ప్రతి ముక్క ఎక్కడిదో చెప్పిద్దాం. పిల్లలందరూ కళాకారులు కానక్కరలేదు. తాము చేసే పని ఏదైనా, ఎవరూ చూడకపోయినా అందంగా, నిజాయితీగా చేయాలన్న పట్టుదల వారిలో కలిగితే చాలు. గుహ గోడకు చేయి ఆనించిన ఆ తొలి మనిషి నుంచి వెండి తీగ కొట్టే బిద్రీ పనివాని దాకా కళ చేసిన మేలు ఇదే.