360 డిగ్రీల చిత్రంలో కనిపించనిదంతా దాగినట్టేనా?

బిలాస్‌పుర్: స్టేషన్లు, ఆలయాలు, పాఠశాలల 360 డిగ్రీల చిత్రాలను ఫోనులోనే నలువైపులా తిప్పి చూడటం నేడు సాధారణమైంది. వీక్షకుడి చూపు ఎంతవరకు వెళ్లవచ్చో ప్రచురించేవారు సాఫ్ట్‌వేర్‌లో హద్దులు నిర్ణయిస్తారు. దృశ్యాన్ని చక్కగా చూపేందుకు ఈ హద్దులు ఉపకరిస్తాయి. ఇతరుల ముఖాలను, ఇళ్లను దాచేందుకు మాత్రం అవి చాలవు.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే కాలం నుంచి ఎదిగిన ఈ పట్టణం, 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాల రీత్యా వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. అలాంటి కుటుంబం ఒకటి తాము పెరిగిన క్వార్టర్‌ను బంధువులకు చూపాలని వీధి మధ్యలో కెమెరా నిలిపిందనుకుందాం. ముందువైపు తమ ఇల్లు, వెనుకవైపు పొరుగువారి వరండా, రెండూ ఒకే చిత్రంలో నమోదవుతాయి.

మూడు రకాల హద్దులు

మొదటిది కుడి ఎడమల హద్దు. రెండోది పైకీ కిందికీ చూసే హద్దు. మూడోది జూమ్ హద్దు, అంటే ఒకేసారి తెరపై ఎన్ని డిగ్రీల దృశ్యం కనిపించాలన్నది. ఉచితంగా లభించే పానెలమ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ వెడల్పు సాధారణంగా 50 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంటుంది. మరీ పెంచితే అంచుల్లో గోడలు, స్తంభాలు సాగిపోయినట్టు కనిపిస్తాయి.

మరీ తగ్గిస్తే చిత్రం మసకబారుతుంది. 16,000 పిక్సెళ్ల వెడల్పున్న పూర్తి చిత్రంలో ఒక్కో డిగ్రీకి సుమారు 44 పిక్సెళ్లు వస్తాయి. 1,920 పిక్సెళ్ల తెరపై దాదాపు 40 డిగ్రీలకు మించి దగ్గరకు తెచ్చినా కొత్త వివరమేదీ కనిపించదు. కనిష్ఠ హద్దును అక్కడే పెట్టడం మేలు.

హద్దు కేంద్రానికా, అంచుకా?

చాలా పొరపాట్లు జరిగేది ఇక్కడే. మన చిత్రంలో ముందువైపు 200 డిగ్రీలే చూపాలనుకుందాం. చూపు కేంద్రాన్ని ఇరువైపులా 100 డిగ్రీల వరకు అనుమతిస్తే, 90 డిగ్రీల వెడల్పున్న తెరలో మరో 45 డిగ్రీలు హద్దు దాటి కనిపిస్తాయి. కాబట్టి కేంద్రాన్ని 55 డిగ్రీల వద్దే ఆపాలి. జూమ్ మారితే ఈ లెక్కా మారుతుంది. పానెలమ్‌లో కుడి ఎడమల హద్దు తెర అంచుకే వర్తిస్తుంది. కేఆర్‌పానోలో రెండు పద్ధతులూ ఉన్నాయి. ‘లుక్‌ఎట్’ ఎంచుకుంటే కేంద్రానికి, ‘రేంజ్’ ఎంచుకుంటే అంచుకు హద్దు పడుతుంది.

ఫోను నిలువుగా పట్టుకుంటే కథ మళ్లీ మారుతుంది. 90 డిగ్రీల అడ్డు వెడల్పుకు కంప్యూటర్ తెరపై నిలువునా 59 డిగ్రీలు కనిపిస్తే, అదే నిష్పత్తిలో నిలువుగా ఉన్న తెరపై 121 డిగ్రీలు కనిపిస్తాయి. కంప్యూటర్‌లో కనపడని ట్రైపాడ్ ఫోనులో బయటపడేది అందుకే. హద్దులను రెండింటిలోనూ పరీక్షించాలి.

తెర వెనుకే పూర్తి చిత్రం

పొరుగువారి వరండా కనిపించకుండా హద్దు పెట్టినా, పూర్తి చిత్రం సర్వర్‌లోనే ఉంటుంది. చాలా సందర్భాల్లో అది వీక్షకుడి బ్రౌజర్‌కూ చేరుతుంది. కాస్త సాంకేతిక పరిజ్ఞానం ఉన్నవారు ఆ ఫైలును నేరుగా తెరిచి అంతా చూడగలరు. హద్దు కిటికీకి వేసిన పరదా వంటిదే, గోడ కాదు.

2022లో హైదరాబాద్ సహా పది నగరాలతో భారత్‌లో మొదలైన గూగుల్ స్ట్రీట్ వ్యూ, ముఖాలను, వాహనాల నంబర్లను చిత్రంలోనే మసకబరుస్తుంది. సామాన్యులకూ అదే సరైన మార్గం. దాచవలసిన భాగాన్ని అసలు ఫైలులోనే కత్తిరించాలి, లేదా ముదురు రంగుతో పూర్తిగా కప్పాలి. పాత ఫైలును సర్వర్ నుంచి తొలగించాలి. హద్దులు పెట్టడం ఆ తరువాతి పని. తీసే ముందే పొరుగువారిని ఒక మాట అడిగితే, దాచవలసిన అవసరమే చాలావరకు తగ్గుతుంది.