అచ్చు వేసే సోలార్ సెల్

కరెంటు పోయిన రాత్రుల్లో ఒక్క కొవ్వొత్తి చుట్టూ చేరి ఇదే హాస్టల్లో చదువుకున్నవాళ్ళం మేము. అందుకే పీజీలో సోలార్ సెల్ పాఠం రాగానే, ఇది చవకగా ఎందుకు తయారు కాదని అడిగాం.

సిలికాన్‌ను 1400 డిగ్రీలకు పైగా వేడిచేసి కరిగించాలి. సీసం, అయోడిన్ వంటివి కలిసిన పెరోవ్‌స్కైట్‌కు ఆ అవసరం లేదు. ద్రావణంగా పూసి, సుమారు 100 డిగ్రీల వద్ద ఆరబెడితే చాలు. 2009లో జపాన్‌లో మియసాకా బృందం చేసిన తొలి సెల్ సామర్థ్యం 3.8 శాతమే. నేడు ప్రయోగశాలల్లో అది 26 శాతం దాటింది.

కానీ పైపొరకు సాధారణంగా బంగారం, దాన్ని పూయడానికి వాక్యూమ్ యంత్రం వాడతారు. చైనాలోని వూహాన్‌లో ఒక బృందం ఈ రెండూ లేకుండా చేసింది. టైటానియం ఆక్సైడ్, జిర్కోనియం ఆక్సైడ్, కార్బన్ పొరలను పెళ్ళికార్డులు వేసినట్టే స్క్రీన్ ప్రింటింగ్‌తో ఒకదానిపై ఒకటి అచ్చువేసి కాల్చారు. పైనుంచి పెరోవ్‌స్కైట్ ద్రావణం చుక్కలు వేస్తే, సన్నని రంధ్రాల గుండా కిందికి ఇంకింది. 2014లో ఆ సెల్ 12.8 శాతం సామర్థ్యం చూపింది. 1000 గంటలకు పైగా ఎండకు నిలిచింది.

చిక్కు ఇంకా ఉంది. తేమ తగిలితే పెరోవ్‌స్కైట్ పాడవుతుంది, సీసం విషం. చవక వస్తువు ముందుగా చేరేది మనలాంటి ఇళ్ళకే. పగిలిన పలక నుంచి ఆ విషం మన బావి నీళ్ళలో కలవకూడదు కదా!

తమ్ముళ్ళూ, ఈ చిక్కు విప్పాల్సిన వాళ్ళలో మనమూ ఉండాలి. సైన్సంటే భయపడకండి.