తెరచాప పడవలో తాళ్లకు గుర్తులు

సిద్దిపేట కోమటి చెరువు మీద విహారానికి తిరిగే పడవలను మోటారు గాని, కాళ్లతో తొక్కే పెడలు గాని నడుపుతుంది. అట్టి పడవ ఎక్కినవాడు తెలుసుకోవలసినది స్వల్పం. తెరచాప పడవ సంగతి వేరు. దానికి ఇంధనం గాలి. ఆ గాలిని అదుపులో పెట్టేవి తాళ్లు. ఒక్కరు నడిపే చిన్న పడవలో సైతం నాలుగైదు తాళ్లు ఉంటాయి. అన్నీ ఒకే లావున, ఒకే తెల్లని రంగున ఉంటే, కొత్తగా ఎక్కిన విద్యార్థికి అదంతా చిక్కుపడిన నులక వలె కనిపిస్తుంది. ఏది లాగాలో, ఏది వదలాలో తెలియదు. తెలుసుకునేంత వ్యవధిని గాలి ఇవ్వదు.

తెరచాప పడవకు సముద్రమే కావాలనుకోవడం పొరపాటు. సిద్దిపేటకు సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, 16వ శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్ షా కాలాన తవ్వించిన హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతూ వచ్చినవి. 2023లో హాంగ్‌జౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడలలో బాలికల ఐఎల్‌సీఏ-4 పోటీలో రజతం గెలిచిన నేహా ఠాకూర్ శిక్షణ పొందినది భోపాల్‌లోని చెరువు మీద. సిద్దిపేట జిల్లాలో కూడ ఇపుడు విశాలమైన నీటి తావులకు కొదువ లేదు. 2020లో 3 టీఎంసీల రంగనాయక సాగర్, 2022లో 50 టీఎంసీల మల్లన్న సాగర్ ప్రారంభమైనవి. (ఆ రెండవదాని అడుగున మునిగిన ఊళ్ల కథ వేరొక వ్యాసానికి చెందినది.) చెరువు గట్టున పెరిగిన పిల్లవాడు రేపు తెరచాప పడవ ఎక్కడని చెప్పలేము.

తాళ్లను గుర్తుపట్టడమనే సమస్య తెలంగాణ రైతుకు కొత్త కాదు. మోట కొట్టిన రోజులలో తోలుసంచికి రెండు తాళ్లు ఉండేవి. లావుపాటి మోకు సంచి మూతికి కట్టబడి పైనున్న గిలక మీదుగా పోయేది. సన్నని తాడు సంచి అడుగునున్న తొండానికి కట్టబడి, క్రిందనున్న మరొక రూళ్ల కర్ర మీదుగా పోయేది. రెండింటినీ ఎద్దులే లాగేవి. సన్నతాడు పొడవు సరిగా ఉంటేనే తొండం పైకి మడిచి ఉండి, గట్టు చేరగానే తెరుచుకొని కాలువలో నీళ్లు పోస్తుంది. లేకుంటే నీళ్లన్నీ తిరిగి బావిలోనే. ఆ తాళ్లకు ఎవరూ చీటీలు అంటించలేదు. అవసరం రాలేదు. ఒకటి లావు, ఒకటి సన్నం. ఒకటి పైన, ఒకటి క్రింద. చీకటిలో తడిమినా చేతికి తెలుస్తుంది. గుర్తు అన్నది అక్షరాలలోనే ఉండనక్కరలేదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఇక తెరచాప పడవ. తెర, చాప అను రెండు మాటలు కలిసిన ఈ పేరే గాలికి అడ్డంగా కట్టిన చాపను గుర్తుకు తెస్తుంది. శాతవాహనుల నాణేలు కొన్నింటి మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉన్నది. అందులో స్తంభాలను నిలబెట్టే తాళ్లు కూడ గీతలుగా కనిపిస్తాయి. పని ఇంత పాతదే అయినా, నేటి క్రీడా పడవలలో వాడే మాటలు మాత్రం ఇంగ్లీషువి, పైగా తికమక పెట్టేవి. చాపను అదుపు చేసే ప్రధానమైన తాడును వారు ‘షీట్’ అంటారు. సిద్దిపేట బజారులో షీట్ అంటే ఇంటి కప్పు మీది రేకు. పడవలో అది గుడ్డా కాదు, రేకూ కాదు, తాడు. దీనిని ‘పగ్గం’ అంటే బండి తోలిన ఏ ఇంటి పిల్లవాడికైనా పని తెలిసిపోతుంది. అయితే పోటీలో శిక్షకుడు అరిచేది ఇంగ్లీషు మాటే కనుక, గుర్తు మీద రెండు పేర్లూ ఉండడం మేలు.

ఐఎల్‌సీఏ పడవను తీసుకుందాం. 2019 వరకు దీని పేరు లేజర్. ఒకే స్తంభం, ఒకే చాప. చాప అడుగున స్తంభానికి అడ్డంగా కదిలే కర్రను బూము అంటారు. చాపను గొట్టం వలె స్తంభానికి తొడుగుతారు కనుక, చాపను పైకి ఎత్తే తాడు ఇందులో లేదు. చేతితో ఎడతెగక ఆడించవలసినది పగ్గం. అది బూమును లోపలికి లాగుతుంది, వదిలితే బయటికి పోనిస్తుంది. రెండవది బూము కొస వైపు చాప మూలను లాగే తాడు, ‘అవుట్‌హాల్’. మూడవది చాప ముందంచును క్రిందికి లాగేది. 1958లో కొలంబియా అను పడవకు నాయకత్వం వహించి అమెరికా కప్పు గెలిచిన బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ పేరున దానిని ‘కన్నింగ్‌హామ్’ అంటారు. ఆ పేరు విని దాని పని ఊహించడం ఎవరి తరమూ కాదు. నాలుగవది బూము పైకి లేవకుండ పట్టి ఉంచే ‘వాంగ్’. చివరి మూడింటికి బావి గిలక వంటి చిన్న కప్పీలు అమర్చి ఉంటాయి; వాటి వల్ల పెద్ద బలాన్ని తక్కువ శ్రమతో లాగవచ్చు. పళ్లున్న రెండు బిళ్లలు తాడును కరిచి పట్టుకుంటాయి. దీనిని క్లీట్ అంటారు. తాడును కాస్త పైకి గుంజితే పట్టు విడిపోతుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. ‘తాడు వదులు’ అను ఒకే ఆజ్ఞకు ఒక్కొక్క తాడు ఒక్కొక్క ఫలితం ఇస్తుంది. పగ్గాన్ని వదిలితే బూము బయటికి పోయి, చాప జెండా వలె కొట్టుకొని, బలం తగ్గుతుంది. అవుట్‌హాల్ వదిలితే చాప అడుగు భాగం బొజ్జ వలె ఉబ్బి, బలం పెరుగుతుంది. కన్నింగ్‌హామ్ వదిలినా ఇంచుమించు అంతే. వాంగ్ వదిలితే బూము లేచి, చాప పై భాగం మెలి తిరిగి గాలిని జారవిడుస్తుంది. అనగా గాలి ఒక్కసారిగా విసిరినపుడు బెదిరిన విద్యార్థి పగ్గానికి బదులు అవుట్‌హాల్‌ను వదిలితే, పడవను కాపాడబోయి దానినే బోల్తా వైపు తోసినట్లవుతుంది.

ఆ విసురు ఎంతటిదో లెక్క కట్టవచ్చు. గాలి పీడనం స్థూలంగా దాని సాంద్రతలో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే వస్తుంది. గాలి సాంద్రత ఘనమీటరుకు 1.2 కిలోగ్రాములు. సెకనుకు 5 మీటర్ల గాలికి చదరపు మీటరుకు 15 న్యూటన్లు. 10 మీటర్ల గాలికి 60. ఐఎల్‌సీఏ-7 పడవ చాప వైశాల్యం సుమారు 7 చదరపు మీటర్లు. కాబట్టి మొదటి గాలిలో దాని మీద పడే బలం సుమారు 105 న్యూటన్లు, అనగా పది, పదకొండు కిలోల బరువు. గాలి రెట్టింపు కాగానే 420 న్యూటన్లు, 43 కిలోల బరువు. వేగం రెండింతలైతే బలం నాలుగింతలు. కొత్తవాడు తన శరీర బరువుతో దానిని ఆపలేడు. సరియైన తాడు అతని చేతిలో ఉండాలి.

ఇట్టి పొరపాటు పడవలకే పరిమితం కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా బాంబరు విమానాలు బి-17లు సురక్షితంగా దిగిన తరువాత కూడ నేల మీద బోర్లపడుతూ వచ్చినవి. రెక్కల పలకలను ముడవవలసిన పైలట్లు ప్రక్కనే అదే రూపంలో ఉన్న మరొక మీటను నొక్కి చక్రాలను ముడిచేవారు. నైపుణ్యం గలవారు, అలసినవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అను మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు సూచించిన పరిష్కారం అతి సరళమైనది: చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, రెక్కల మీటకు రెక్కను పోలిన చీలిక ఆకారపు ముక్క. కన్ను చూడకపోయినా చెయ్యి గుర్తుపడుతుంది. విమానాల చక్రాల మీట ఈనాటికీ చక్రం రూపంలోనే ఉంటుంది. 1947లో ఫిట్స్, జోన్స్ అనువారు ‘పైలట్ తప్పు’ అనబడిన 460 సంఘటనలను పరిశీలించి, వాటిలో సుమారు సగం ఒక మీటకు బదులు మరొకటి తాకడం వల్లనే వచ్చినవని తేల్చారు. తప్పును మనిషి మీద వేయడానికి ముందు పరికరాన్ని చూడాలని దీని వల్ల తెలిసింది.

పడవలో మొదటి సాధనం రంగు. ఒక తాడుకు ఒక రంగు. గుర్తు సులభం, చౌక. పెద్ద పడవలలో కొందరు ప్రధానమైన చాప తాళ్లకు తెలుపు, ముందు చాప తాళ్లకు నీలం, మూడవ చాప తాళ్లకు ఎరుపు వాడుతారు. ఇది అలవాటే గాని చట్టం కాదు. అందువల్ల ఒక పడవలో నేర్చిన రంగును మరొక పడవలో నమ్మరాదు. ఎరుపు, ఆకుపచ్చలను ప్రక్కప్రక్కన పెట్టకపోవడం మంచిది. యూరపు సంతతి పురుషులలో సుమారు నూటికి ఎనిమిది మందికి ఈ రెంటి మధ్య తేడా సరిగా తెలియదు. భారతదేశంలో ఈ సంఖ్య ఇంతకు తక్కువే గాని, తరగతిలో ఒక విద్యార్థి అట్టివాడు ఉండవచ్చు. స్త్రీలలో ఇది చాల అరుదు. పైగా ఓడల ఎడమ ప్రక్కన రాత్రి ఎర్రదీపం, కుడి ప్రక్కన ఆకుపచ్చ దీపం పెట్టుట అంతర్జాతీయ నియమం. తాడు రంగు దానితో కలిసి అయోమయం కలిగించరాదు.

కాబట్టి రంగుతోపాటు మందంలో తేడా గాని, స్పర్శలో తేడా గాని ఉండాలి. పగ్గం లావుగా, మెత్తగా. సరిదిద్దే తాళ్లు సన్నగా. వాటి కొసకు ఒకదానికి ఒక ముడి, ఒకదానికి రెండు ముళ్లు వేస్తే తడి చేతికి కూడ తెలుస్తుంది. అయితే ముడి కప్పీలో ఇరుక్కుని ఆగే చోట వేయకూడదు. తాడు పీచు విడిపోకుండ కొసకు రంగుదారం చుట్టడం పాత అలవాటు. అదే గుర్తుగా కూడ పనికి వస్తుంది. కాగితం చీటీ ఒక వారానికి ఊడిపోతుంది. నల్లసిరా ఎండకు వెలిసిపోతుంది. చెక్కిన పలకను క్లీట్ ప్రక్కన బిగించడం ఎక్కువ కాలం నిలుస్తుంది. గుర్తు ఉండవలసిన చోటు తాడు చివర కాదు, చెయ్యి పట్టుకునే చోటు.

పలక మీద ఏమి వ్రాయాలి? పేరు మాత్రమే వ్రాయడం వాడుక. దాని ప్రయోజనం స్వల్పం. ‘కన్నింగ్‌హామ్’ అని చదివినవాడికి ఏమి జరుగుతుందో తెలియదు. దాని క్రింద ‘లాగితే చాప చదును’ అని మూడు మాటలు ఉంటే చాలు. పగ్గం దగ్గర మాత్రం ‘ముందు దీనిని వదులు’ అని పెద్ద అక్షరాలలో వ్రాయడం న్యాయం. గాలి విసిరిన క్షణాన దానిని చదివేవారు లేరన్న మాట నిజమే. కానీ ఆ మాట ఒడ్డున నిలబడి పదిసార్లు చదివితే చేతికి ఎక్కుతుంది.

తాడు మీదనే గీతలు గీయడం మరొక పని చేస్తుంది. అవుట్‌హాల్ ఒక్కొక్క గీతను ఒక్కొక్క గాలికి కేటాయిస్తే, ‘కొంచెం లాగు’ అను అస్పష్టమైన మాట కొలతగా మారుతుంది. నిన్న మంచి వేగం ఇచ్చిన అమరికను నేడు తిరిగి పొందవచ్చు. పుస్తకంలో గాలి వేగం, గీత సంఖ్య నమోదు చేసే అలవాటు విద్యార్థిని ప్రయోగశాలకు దగ్గర చేస్తుంది.

పడవ లేని పాఠశాలలో కూడ దీనిని పరీక్షించవచ్చు. రెండు వెదురు కర్రలను ఎల్ ఆకారంలో కట్టి, పాత గుడ్డను చాపగా తొడిగి, పగ్గం, అవుట్‌హాల్, వాంగ్‌లకు ఒకే రకపు తెల్లని దారాలను కట్టి, ముందున్న పలకకు చుట్టాలి. ఇరవై మంది విద్యార్థులను ఒక్కొక్కరినే పిలిచి, ఉపాధ్యాయుడు ఒక తాడు పేరు చెప్పినపుడు దానిని విప్పమనాలి. పట్టిన కాలాన్ని, తప్పులను వ్రాయాలి. తరువాత దారాలకు రంగులు, ఆపైన రంగులతోపాటు ముళ్లు చేర్చి తిరిగి చేయాలి. ఒకే విద్యార్థులతో చేస్తే అలవాటు వల్ల కాలం ఎలాగూ తగ్గుతుంది కనుక, సగం మందితో మొదట రంగు దారాలు, మిగతా సగంతో మొదట తెల్లదారాలు వాడితేనే పోలిక చెల్లుతుంది. కళ్లకు గంతలు కట్టి ఇంకొకసారి చేస్తే రంగుకు, ముడికి మధ్య తేడా అందరి ఎదుట తేలుతుంది.