ఒకే వైరస్, మూడు దారులు

నీపా వైరస్‌కు సహజ నిలయం పండ్లు తినే గబ్బిలాలు. కాని అది మనిషిని చేరే దారి ప్రాంతాన్నిబట్టి మారుతుంది.

1998-99లో మలేషియాలో గబ్బిలాలు కొరికి వదిలిన పండ్ల ద్వారా పందులకూ, వాటినుండి పెంపకందార్లకూ సోకి 100 మందికి పైగా ప్రాణాలు తీసింది. బంగ్లాదేశ్‌లో దారి వేరు. శీతాకాలపు రాత్రులలో ఈతచెట్లకు కట్టిన కుండలవద్ద గబ్బిలాలు రసం నాకుతాయి. తెల్లవారగానే ఆ పచ్చిరసాన్ని ఇంటిల్లిపాదీ త్రాగుతారు. 2018లో కేరళలోని కోళికోడ్ ప్రాంతంలో అది ఎక్కువగా ఆసుపత్రులలోనే, రోగినుండి సమీపంలో ఉన్నవారికి ప్రాకింది.

కనుక రక్షణ కూడా ప్రాంతానికి తగినట్లే ఉండాలి. బంగ్లాదేశ్‌లో చెట్టు గీసినచోటును వెదురు తడికతో కప్పడం, రసాన్ని మరిగించడం. కేరళలో రోగిని వేరుగా ఉంచడం, సేవచేసేవారు మాస్కు, చేతితొడుగులు ధరించడం. వ్యాధి పేరు తెలిస్తే చాలదు, అది వచ్చే దారి తెలియాలి.