గజపతినగరం దారిలో మాయాలోకాలు

మంత్రదండం, రహస్యద్వారం, మన లోకాన్ని ఆనుకునే ఇంకో లోకం! కుర్రకారు రాత్రంతా మేలుకుని చదివే ఫాంటసీ నవలల్లో ఉండేవి ఇవే. తెలుగు కథకు ఇవి ఏనాటి నుంచో సొంతం, అందులో ఉత్తరాంధ్ర వాటా చాలా పెద్దది. హ్యారీ పోటర్‌ను ఇష్టపడే ప్రతి పిల్లా పిల్లాడూ తెలుసుకోవాల్సిన విశేషాలు కొన్ని...

★ ఒకే రోడ్డు, ముగ్గురు

విజయనగరం నుంచి సాలూరు వెళ్లే రోడ్డు గజపతినగరం మీదుగానే పోతుంది. మన వెండితెర మాయాలోకాలకు పాట నేర్పింది ఈ రోడ్డే. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల విజయనగరంలో మధుకరం (ఇంటింటా అడిగి తెచ్చుకునే అన్నం) ఎత్తుకుంటూ సంగీతం నేర్చుకున్నారు. సాలూరు చినగురువుగారని పేరుపడ్డ పట్రాయని సీతారామశాస్త్రి ఆయన గురువు. సాలూరి రాజేశ్వరరావు పుట్టింది సాలూరు దగ్గరి శివరామపురంలో. పి.సుశీలది విజయనగరమే. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’కి సంగీతం ఘంటసాలది. 1957 నాటి ‘మాయాబజార్’కు సాలూరి నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకుంటే, మిగతా పని ఘంటసాల పూర్తిచేశారు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పాడే పెళ్లిపాటలో ఆడగొంతు సుశీలది.

★ కాశీ దారిలో దొరికిన మాంత్రికుడు

మాంత్రికుడున్న ‘పాతాళభైరవి’ కథకు ప్రేరణ మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీమజిలీ కథలు’. కాశీకి నడిచివెళ్లే మణిసిద్ధుడు, ఆయన వెంట ఒక గొల్లపిల్లాడు. ఆగిన ప్రతి మజిలీలోనూ కుర్రాడు ఓ వింత చూస్తాడు, దాని గుట్టు చెప్పమంటాడు. తన దగ్గరున్న మణి మహిమతో సిద్ధుడు ఆ కథ విప్పుతాడు. గురువు, శిష్యుడు, దూరప్రయాణం, మహిమగల మణి... నేటి ఫాంటసీ నవలలు వాడుకునే దినుసులన్నీ అక్కడున్నాయి.

★ అద్దం కన్నా ముందే పెట్టె

1997లో వెలువడిన తొలి హ్యారీ పోటర్ నవలలో ఒక అద్దం ఉంది. చూసినవారి మనసు దేన్ని బలంగా కోరుకుంటోందో అది అందులో కనిపిస్తుంది. దానికి నలభై ఏళ్ల ముందే ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె ఉంది. మూత తీస్తే ఎవరికి ఏది ప్రియమో అదే కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తే, కృష్ణుడికి శకుని కనిపిస్తాడు!

★ అదే ఏడాది, అమెరికాలో

‘మాయాబజార్’ విడుదలైన 1957లోనే హ్యూ ఎవరెట్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త క్వాంటమ్ సిద్ధాంతానికి కొత్త వ్యాఖ్యానం ప్రచురించాడు. తర్వాతి కాలంలో అది ‘అనేక లోకాల’ వాదంగా పేరు పొందింది. సమాంతర ప్రపంచాల గురించి నవలలు రాసే నేటి రచయితలు ఎక్కువగా ఆశ్రయించేది దాన్నే.

★ శశిరేఖ తల్లి వయసెంత?

‘మాయాబజార్’లో శశిరేఖ తల్లి రేవతి. భాగవతంలో ఆమెకో వింత కథ ఉంది. కూతురికి తగిన వరుణ్ని అడగడానికి తండ్రి ఆమెను బ్రహ్మలోకం తీసుకెళ్తాడు. అక్కడ గానం సాగుతోందని కాసేపు ఆగుతాడు. ఆలోపు భూమి మీద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి! ఆయన మనసులో అనుకున్న వరులు, వారి మనుమలు కూడా మిగలరు. చివరికి రేవతిని బలరాముడు పెళ్లాడతాడు.

★ గదిలో మరో బ్రహ్మాండం

యోగవాసిష్ఠంలో లీల అనే రాణి భర్తను పోగొట్టుకుంటుంది. సరస్వతి ఆమెకు వేరే లోకం చూపిస్తుంది. అక్కడ ఒక బ్రాహ్మణ జంట పోయి ఎనిమిది రోజులే అయింది. లీల, ఆమె భర్త ఏళ్ల తరబడి అనుభవించిన రాజభోగమంతా ఆ దంపతుల మరుజన్మే, అదీ ఆ ఇంటి లోపలి చోటులోనే! మడికి సింగన ‘వాసిష్ఠ రామాయణము’తో ఈ గ్రంథం ఎన్నో శతాబ్దాల కిందటే తెలుగులోకి వచ్చింది.

★ మాయకూ షరతులుంటాయి

‘మనుచరిత్ర’లో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపనం పూసుకుని క్షణంలో హిమాలయం చేరతాడు. మంచుకు లేపనం కరిగిపోయేసరికి తిరుగుదారి మూసుకుపోతుంది. మహిమకు ఒక హద్దు పెడితేనే కథ పుడుతుందని అల్లసాని పెద్దనకు బాగా తెలుసు.

★ ఇద్దరు రంభలు, ఇద్దరు నలకూబరులు

16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయం’లో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు, చెప్పిన కథ భూమి మీద నిజమైపోతుంది. మారురూపాల చిక్కుముళ్లకు లెక్కలేదు, ఒకచోట రంభలూ ఇద్దరే, నలకూబరులూ ఇద్దరే! వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీన్ని ఇంగ్లీషు చేస్తే 2002లో అచ్చయింది.

★ తోకచుక్క నుంచి పరుసవేది దాకా

చందమామ పత్రిక 1947 జులైలో మొదలైంది. 1954లో అందులో ఆరంభమైన దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ ‘తోకచుక్క’, ఆ తర్వాతి జానపద సీరియళ్లు, వాటికి ‘చిత్రా’ వేసిన బొమ్మలు తెలుగు పిల్లల్ని నెలంతా ఎదురుచూసేలా చేశాయి. తొలి హ్యారీ పోటర్ నవల 2009లో ‘పరుసవేది’గా తెలుగులోకి వచ్చింది.

★ కళ్లు తెరిపించిన కల

అన్నిటికన్నా గొప్పది విజయనగరంలో పుట్టింది. ‘కన్యాశుల్కం’ రాసిన గురజాడ ‘లవణరాజు కల’ అనే కథాకావ్యమూ రాశారు. మూలకథ యోగవాసిష్ఠంలోది. అందులో ఒక ఐంద్రజాలికుడు సభలో నెమలిపింఛం ఆడిస్తాడు. కాసేపు కదలక కూర్చున్న రాజు ఆలోపే ఇంకో బతుకు బతుకుతాడు. అడవిలో ఆకలితో అలమటిస్తుంటే, అంటరానివారని లోకం దూరం పెట్టిన ఇంటి పిల్ల అన్నం పెడుతుంది. ఆమెనే పెళ్లాడి బిడ్డల్ని కంటాడు, కరువు చూస్తాడు. తెలివొచ్చాక వెతుక్కుంటూ వెళితే ఆ పల్లె నిజంగానే ఉంటుంది! 1950లో వెలువడిన సి.ఎస్.లూయిస్ నార్నియా కథలోనూ పిల్లలు మరో లోకంలో ఏళ్లు గడిపి వస్తే ఇక్కడ కాలమే కదలదు. గురజాడ ఇంకో అడుగు ముందుకేశారు. మాయ చాటున రాజును కులం గోడ దాటించి, మనిషి గొప్పతనం పుట్టుకలో లేదని చెప్పించారు.

ఫాంటసీ అంటే బతుకు నుంచి పారిపోవడమనే పెద్దలకు ఇదే జవాబు. మనది కాని బతుకును లోపలి నుంచి చూపించే శక్తి మాయకథకుంది. గజపతినగరం బడుల్లో మాస్టార్లు ‘పరుసవేది’ని, ‘లవణరాజు కల’ను పక్కపక్కన పెట్టి పిల్లల చేత చదివించాలి. గురజాడది నోటికి తేలిగ్గా పలికే తెలుగు, పదో తరగతి పిల్లలకు అందుతుంది. చదివాక ఇంకో లోకాన్ని వాళ్లనే రాయమనాలి, ఇంట్లో మాట్లాడే యాసలోనే.