ఓపిక ఉన్నంతలో సంతోషం: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

శ్రీరామనవమి దగ్గర పడిందంటే కడప నుంచి రాజంపేట దాకా ఏ ఇంట్లో చూసినా ఒంటిమిట్ట రాముడి గుడి ప్రయాణం మాటే. అదే ఇంట్లో ఒకరు మాత్రం ‘మీరు పోయి రండి, నేను ఇంటికాడ ఉంటా’ అంటారు. రక్తం తక్కువైనవారు, కీళ్లవాతంతో బాధపడేవారు, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పోయి వచ్చేవారు, కొవిడ్ తగ్గినా అలసట వదలనివారు. ఉన్న కాస్త ఓపికనూ పొదుపుగా వాడుకుంటూ రోజు గడుపుకునే మనుషులు. వీళ్లకు సలహాలకు కొదవ ఉండదు. ఎంత మంచి మనసుతో చెప్పినా, ఆ సలహాల్లో చాలావరకు అపోహలే.

అపోహ: చూడ్డానికి బాగుంటే ఒంట్లోనూ బాగున్నట్టే. అలసట బద్ధకానికి మరో పేరు.

వాస్తవం: ‘మనిషి బాగానే ఉండావే, ఏమొచ్చింది నీకు?’ అని అడిగేవారికి రక్తహీనత కంటికి కనిపించదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగం కంటే ఎక్కువ మంది. వీళ్లే నీళ్లు మోస్తున్నారు, కూలికి పోతున్నారు, ఇంటికొచ్చి పొయ్యి ముట్టిస్తున్నారు. థైరాయిడ్, షుగర్, గుండె, మూత్రపిండాల జబ్బులూ ఇలాగే మనిషిని లోపల నుంచి కుంగదీస్తాయి. కాబట్టి వారాల తరబడి అలసట వదలకపోతే తిట్టుకోవడం మాని, ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. కారణం దొరికితే చాలాసార్లు మందూ దొరుకుతుంది.

పరీక్షలన్నీ మామూలుగా వచ్చినా మనిషిని మంచానికి కట్టేసే జబ్బు కూడా ఒకటుంది. దాని పేరు మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని కూడా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లోనే దీన్ని నాడీమండల వ్యాధుల్లో చేర్చింది. అది మనసు కల్పించుకున్నది కాదని రోగులు ఎంతకాలంగానో మొత్తుకుంటున్నారు.

అపోహ: లేచి నాలుగడుగులు తిరిగితే అలసట అదే పోతుంది.

వాస్తవం: కొందరికి పోతుంది, కొందరికి ముదురుతుంది. మోకాళ్ల నొప్పులకు, షుగరుకు, దిగులుకు నడక మేలు చేస్తుంది. పైన చెప్పిన క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌లో మాత్రం శ్రమ చేసిన కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో ఒళ్లంతా కూలబడిపోతుంది. వ్యాయామం కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పొమ్మని 2007లో సిఫారసు చేసిన బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్, 2021లో ఆ సలహాను వెనక్కి తీసుకుంది. ఉన్న శక్తి హద్దులోనే పనులు పెట్టుకోమంది. మీరు ఏ కోవలోకి వస్తారో నడిచిన పూట తెలియదు, మర్నాడు ఒళ్లు ఎలా ఉందో చూసుకుంటే తెలుస్తుంది. అది గమనించి డాక్టరుకు చెప్పండి.

అపోహ: ఓపిక ఉన్న రోజే అన్ని పనులూ చేసేసుకోవాలి.

వాస్తవం: ఎక్కువమందిని దెబ్బ తీసేది ఇదే. బాగున్న పూట దొరికిందని ఇల్లు కడిగి, దుప్పట్లు ఉతికి, పిండి విసిరి, ఆ తర్వాత నాలుగు రోజులు లేవలేకపోవడం. మన సీమలో బావి కింద సేద్యం చేసినవారికి ఈ లెక్క తెలుసు. నీళ్లు కనిపించాయని అడుగంటేదాకా తోడితే మోటారు కాలిపోతుంది. కొంత తోడి ఆపి, ఊట ఊరనిచ్చి మళ్లీ వేసే రైతుకే మడి తడుస్తుంది. ఒంటికీ ఊరే సమయం కావాలి. ఆగడం అలసిపోయాక కాదు, అలసిపోకముందే.

వంటింట్లో ఇది ఎలా ఉంటుందో చూడండి. రాగిసంగటి గెలకడమంటే మాటలా? గిన్నెను గుడ్డతో అదిమి పట్టుకొని, కట్టెతో ఉండలు లేకుండా కలిపేసరికి భుజాలు లాగేస్తాయి. సంగటి చేసిన రోజు బట్టలు ఉతికే పని పెట్టుకోకూడదు. ఓపిక లేని రోజుకు ఉగ్గాని ఉండనే ఉంది. బొరుగులు నీళ్లలో తడిపి పిండి పక్కన పెట్టుకొని, స్టూలు మీద కూర్చొనే ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు తరుక్కొని, తిరగమోత పెట్టి, పైన పప్పుల పొడి చల్లితే అయిపోయింది. సంగటి చేయలేకపోయానని బాధపడే ఇల్లాలిని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. వేడి ఉగ్గాని రుచికి ఏం తక్కువ?

అపోహ: పనులన్నీ అయ్యాక ఓపిక మిగిలితే అప్పుడు చూసుకోవచ్చు సంతోషం.

వాస్తవం: తక్కువ ఓపికతో బతికేవారికి మిగలడమనేది ఉండదు. మిగిలాకే అనుకుంటే ఆ రోజు ఎన్నటికీ రాదు. అందుకే రోజు లెక్కలో మందులతోపాటు ఒక చిన్న ఇష్టానికీ ముందే చోటు తీసి పెట్టాలన్నది నా గట్టి నమ్మకం. ఇది తీరికలేని వైద్యులు తేలిగ్గా తీసేయదగ్గ మాట కూడా కాదు. పీటర్ లూయిన్‌సోన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1970లలో, దిగులులో ఉన్నవారి కోసం సహోద్యోగితో కలిసి 320 అంశాల పట్టిక తయారు చేశాడు. మనిషికి హాయినిచ్చే రోజువారీ సంగతులు అందులో ఉంటాయి. వాటిని తిరిగి రోజులోకి తెచ్చుకోవడం చికిత్సలో భాగమైంది.

ఎలిజబెత్ టోవా బెయిలీ అనే అమెరికన్ రచయిత్రి జబ్బుతో మంచం పట్టి, పక్కకు ఒత్తిగిలడానికి కూడా కష్టపడుతున్న కాలంలో ఒక స్నేహితురాలు పూలకుండీలో పెట్టి తెచ్చిన నత్తను చూస్తూ గడిపింది. అది ఎలా పాకుతుందో, ఏం తింటుందో, ఎప్పుడు నిద్రపోతుందో గమనించింది. 2010లో దాని మీదే ఒక పుస్తకం రాసింది. ఆమె వేగానికి సరిపోయే తోడు దొరికింది.

ఒంటిమిట్ట గుడిలో ఇలాంటి సంతోషానికి ఎంతో చోటుంది. రంగమండపంలో 32 స్తంభాలు. వాటి మీద రామాయణ, భాగవత కథలు చెక్కి ఉన్నాయి. మర్రి ఆకు మీద పడుకున్న పసికృష్ణుడు, కాళింగుడి పడగల మీద ఆడే కృష్ణుడు, గోవర్ధనం ఎత్తి పట్టినవాడు. అన్నీ ఒక్క పూటలో చూసేయాలని తిరిగితే కాళ్ల నొప్పి తప్ప ఏమీ గుర్తుండదు. పొద్దున్నే, బండలు కాలకముందే పోయి, ఒక్క స్తంభం ఎదురుగా కూర్చోండి. ఆ పసివాడి కాలి బొటనవేలు నోటి దగ్గరికి ఎలా వంగిందో, ఆ వంపు కోసం శిల్పి రాతిని ఎక్కడ ఎంత తొలిచాడో చూడండి. మళ్లీ వచ్చినప్పుడు ఇంకో స్తంభం. అదీ కుదరని రోజు, కడప–రాజంపేట బస్సులో పోతూ కిటికీలోంచి గోపురం చూసినా చాలు.

అపోహ: గుడికి పోతే వరుసలో నిలబడాలి, ప్రదక్షిణలు చేయాలి. లేకపోతే పోనట్టే.

వాస్తవం: పోతన భాగవతాన్ని రాముడికి అంకితమిచ్చింది ఒంటిమిట్టలోనేనని ఈ ప్రాంతంలో గట్టి నమ్మకం. ఆ భాగవతంలో ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో మొదటిది స్నేహం. వినడమూ, స్మరించడమూ ఆ జాబితాలో ఉన్నాయి. వీటిలో దేనికీ కాళ్లలో సత్తువ అక్కర్లేదు.

కల్యాణం నవమి నాడే, మిట్టమధ్యాహ్నం ఎండలో జరుగుతుందనుకొని భయపడేవారు కూడా ఉన్నారు. ఒంటిమిట్టలో అది చతుర్దశి రాత్రి, వెన్నెల్లో జరుగుతుంది. చంద్రుడికి ఇచ్చిన వరం వల్లనని స్థలపురాణం. 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలతో చేస్తున్నారు కాబట్టి జనసందోహం మాత్రం బాగా ఉంటుంది. ఆ తొక్కిడికి తట్టుకోలేనివారు టీటీడీ భక్తి చానల్లో ప్రత్యక్ష ప్రసారం చూస్తే అది తక్కువ కల్యాణమేమీ కాదు. వాకిట్లో మంచం వేసుకొని చూస్తే అదే వెన్నెల.

అపోహ: సంతోషంగా ఉంటే జబ్బు అదే నయమవుతుంది.

వాస్తవం: కాదు. మందు మందే. నవ్వలేని రోజు నవ్వలేదని రోగిని తప్పుపట్టడం క్రూరత్వం.

అపోహ: అలుపెరగనివారే ఏదైనా సాధిస్తారు.

వాస్తవం: దీనికి మన పెద్దలు వావిలికొలను సుబ్బారావును చూపిస్తారు. 1863లో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి, వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్న మనిషి. జీర్ణమైన ఒంటిమిట్ట గుడిని నిలబెట్టడానికి ఆయన ఊరూరా తిరిగి భిక్ష ఎత్తిన పాత్ర ఒక టెంకాయ చిప్ప. దాని మీద శతకమూ రాశాడు. ఆ చిప్పలో ఒక్కసారికి పట్టేది కాసిని డబ్బులే. ఆయనకున్న తిరిగే శక్తి మనకు లేకపోవచ్చు, కానీ పట్టినంతే తీసుకొని మళ్లీ రేపు చేయి చాచే పద్ధతి ఓపిక తక్కువైనవారికీ చేతనవుతుంది.

అపోహ: ఓపిక లేనివారిని కదిలించకుండా వదిలేయడమే దయ.

వాస్తవం: ‘ఎలాగూ రాలేదులే’ అని పిలవడం మానేసిన రోజు నుంచి ఆ మనిషి ఇంట్లో ఒంటరి అవుతుంది. పిలవండి, రాలేనంటే నొచ్చుకోకండి. కల్యాణం నుంచి వచ్చాక తలంబ్రాల పొట్లం చేతిలో పెట్టి, పక్కన కాసేపు కూర్చొని, అక్కడ ఏం జరిగిందో చెప్పండి. వినేవారి కళ్లు వాలుతుంటే ఆపేసి, మిగతాది రేపు చెప్పండి. వంటింట్లో ఒక ఎత్తు స్టూలు కొని పెట్టండి, నీళ్ల బిందె నడుము ఎత్తు అరుగు మీదికి మార్చండి. వచ్చే చైత్రానికి మళ్లీ అడగండి.